భూమి ఎవరిది? కంపెనీ రాసిచ్చిన సనదు, కొండకి దక్కని పట్టా

ఉత్తరాంధ్ర చరిత్ర మీద మనం చెప్పుకుంటున్న కబుర్లలో ఇవాళ భూమి గురించి మాట్లాడుకుందాం. నేను పొందూరు నుంచి మాట్లాడుతున్నాను. పొందూరు అనగానే అందరికీ గుర్తొచ్చేది సన్నఖద్దరు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో నూలు వడికి నేసే బట్ట. ఆ బట్టకి వాడే పత్తిలో ఒక రకాన్ని మా దగ్గర కొండపత్తి అంటారు. పత్తి సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. ఆ పేరులో ఉన్న కొండ ఎవరిది, ఆ కొండ కింద ఉన్న పల్లం ఎవరిది అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

ఇది పాత ప్రశ్నే కదా అనుకోకండి. ఇవాళ్టికీ మన ఊళ్లలో తగువు వస్తే మొదట అడిగేది "కాగితం ఉందా?" అనే. తాత దున్నాడు, తండ్రి దున్నాడు, నేను దున్నుతున్నాను అంటే చాలదు. కాగితం చూపించాలి. మరి ఈ కాగితం మన దగ్గరికి ఎప్పుడొచ్చింది, ఎవరు రాశారు, మొదటిసారి ఎవరి పేరు మీద రాశారు? ఇది తెలిస్తే మన జిల్లాల చరిత్ర సగం అర్థమవుతుంది.

ముందు కంపెనీ రాకముందు సంగతి చూద్దాం. శ్రీకాకుళం ఒక సర్కారుకి ముఖ్యపట్టణం. ఇంగ్లీషువాళ్లు దాన్ని చికాకోల్ అని రాసుకున్నారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడ ఫౌజుదార్లు ఉండేవారు. తర్వాత మొగలాయీలు, ఆ తర్వాత నిజాం పేరు మీద నవాబులు వచ్చారు. ఈ సర్కారులో నేల రెండు రకాలు. నవాబు మనుషులే నేరుగా శిస్తు వసూలు చేసుకునేది హవేలీ. ఇది ఎక్కువగా పట్టణాల చుట్టుపక్కల ఉన్న మంచి పల్లపు నేల. రెండోది జమీందార్ల చేతిలో ఉన్నది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, పాలకొండ, కురుపాం, సాలూరు, మేరంగి ఇలాంటివి.

ఇక్కడ జమీందారు అనే మాట జాగ్రత్తగా వినండి. ఆ రోజుల్లో జమీందారు ఆ భూమికి యజమాని అని అర్థం కాదు. ఆయన శిస్తు వసూలు చేస్తాడు, సైన్యాన్ని పోషిస్తాడు, పైవాడికి పేష్కష్ కడతాడు. పంట కళ్ళంలోకి వచ్చాక దాన్ని పాళ్లు వేసేవారు. రాజుకి ఇంత, దున్నిన కాపుకి ఇంత. అంతకంటే ముందే కుప్పలోంచి ఊరి కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, వెట్టికి వాళ్ల మేరలు తీసేవారు. గుడికి మాన్యం, కరణానికి మాన్యం వేరే. అంటే ఒకే చెక్క మీద ఆరేడుగురికి హక్కుండేది. ఎవరి హక్కు వాళ్లది. దున్నేవాడిని లేపేసి ఇంకొకడికి అమ్మేసే హక్కు ఆ వరసలో ఎవరికీ తేలిగ్గా దొరికేది కాదు. అదంతా స్వర్గమని నేననను. పాళ్లు వేసేటప్పుడు మోసాలుండేవి, వెట్టి ఉండేది, కులం ఉండేది, దౌర్జన్యం ఉండేది. అయితే భూమికి యజమాని ఒక్కడే ఉండాలనే ఆలోచన మాత్రం అప్పటికింకా లేదు.

కొండమీద పద్ధతి ఇంకోలా ఉండేది. సవరలు కొండవాలులో రాళ్లు పేర్చి, మళ్లు కట్టి, ఊటనీళ్లు తిప్పి వరి పండించేవారు. ఆ మెట్లమళ్లు కుటుంబాలవి, తండ్రి నుంచి కొడుకుకి వచ్చేవి. పైన పోడు కొట్టుకునే వాలులు మాత్రం వంశాన్ని బట్టీ ఊరిని బట్టీ సాగేవి. ఈ ఏడు ఈ వాలు కొట్టి చోడి, సామ చల్లుతారు. మూడు నాలుగేళ్లకి దాన్ని వదిలేసి ఇంకోచోటికి వెళతారు. వదిలేసిన వాలు మళ్లీ అడవి అవుతుంది, కొన్నేళ్లకి మళ్లీ అక్కడికే వస్తారు. పైనుంచి చూసినవాడికి అది ఖాళీ అడవిలా కనిపిస్తుంది. ఆ ఊరివాడికి మాత్రం ఏ వాలు ఎవరిదో తెలుసు. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు కంపెనీ దగ్గరికి వద్దాం. 1753లో నిజాం ఈ ఉత్తర సర్కార్లని ఫ్రెంచివాళ్లకి ఇచ్చాడు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది, అది మీకందరికీ తెలిసిందే. మరుసటి ఏడు చివర్లో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు, విజయనగరం ఆనందగజపతిరాజు కలిసి ఫ్రెంచివాళ్లని ఓడించారు. 1765లో ఢిల్లీ చక్రవర్తి షా ఆలం ఫర్మానా ఇచ్చాడు, 1766లో నిజాం ఒప్పందం రాశాడు. సర్కార్లు కంపెనీ చేతికొచ్చాయి. మొదట్లో కంపెనీకి ఈ నేల సంగతి పెద్దగా తెలీదు. ఎవరి దగ్గర ఎంత రాబట్టొచ్చు అన్నదే వాళ్ల లెక్క. పేష్కష్ పెంచుకుంటూ పోయారు, బాకీలు పేరుకుపోయాయి.

ఆ బాకీల తగువు చివరికి పద్మనాభం దాకా వెళ్లింది. 1793లో కంపెనీ విజయనగరం జమీందారీని జప్తు చేసుకుంది. రాజా చిన విజయరామరాజుని మచిలీపట్నం వెళ్లి ఉండమంది. ఆయన వెళ్లలేదు. తన మనుషులతో పద్మనాభం దగ్గర నిలబడ్డాడు. 1794 జులై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన ముందు ఆ యుద్ధం ఎంతోసేపు సాగలేదు. రాజు, ఆయన వెంట ఉన్న దొరలు చాలామంది అక్కడే పోయారు. పిల్లవాడైన కొడుకు నారాయణబాబు కొండల్లోకి వెళ్లాడు. కొండ జమీందార్లు ఆయన పక్షాన నిలిచారు. చివరికి కంపెనీ రాజీకి వచ్చి 1796లో జమీందారీ తిరిగిచ్చింది, కానీ తగ్గించి ఇచ్చింది. అంతకుముందు విజయనగరం చేతికింద ఉన్న కొండ జమీందారీలని విడదీసి నేరుగా తన కిందికి తెచ్చుకుంది.

ఇక అసలు సంవత్సరం 1802. బెంగాల్లో 1793లో కారన్‌వాలిస్ దొర శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. దాన్నే మద్రాసులోనూ పెట్టాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. 1802లో 25వ రెగ్యులేషన్ వచ్చింది. దాని ప్రకారం జమీందారుకి ఒక కాగితం ఇస్తారు. దాని పేరు సనద్-ఇ-మిల్కియత్-ఇ-ఇస్తిమ్రార్. పేరు పెద్దది, అర్థం చిన్నది: శాశ్వత యాజమాన్యపు సనదు. శిస్తు ఎప్పటికీ మారదు. జమీందారు దాన్ని కడుతున్నంత కాలం ఆ ఎస్టేటుకి ఆయనే యజమాని. కట్టకపోతే ఎస్టేటుని వేలం వేస్తారు.

చూశారా, ఒక్క కాగితంతో ఏం జరిగిందో. నిన్నటిదాకా శిస్తు వసూలు చేసేవాడు ఇవాళ యజమాని అయ్యాడు. లెక్క ఎలా కట్టారంటే, ఎస్టేటులో వసూలయ్యే మొత్తంలో సుమారు మూడింట రెండు వంతులు కంపెనీకి. రైతులు 100 రూపాయలు కడితే దాదాపు 66 రూపాయలు కంపెనీవి, మిగిలింది జమీందారుది. విజయనగరానికి ఏడాదికి 5 లక్షల రూపాయల పేష్కష్ ఖాయం చేశారు. హవేలీ నేలని మాత్రం ఎస్టేట్లుగా ముక్కలు కోసి వేలంలో అమ్మారు. డబ్బున్నవాడు పాట పాడి కొనుక్కున్నాడు. నిన్నటిదాకా ఏ దొరా లేని ఊళ్లకి వేలంపాటతో దొర వచ్చాడు. వాటిలో చాలా ఎస్టేట్లు తర్వాత బాకీలు పడి చేతులు మారాయి. కాగితం మీద యజమాని మారాడు, దున్నేవాడు మారలేదు.

మరి దున్నేవాడి సంగతేంటి? చట్టంలో అతణ్ణి పూర్తిగా మర్చిపోయారనలేం. అదే ఏడాది 30వ రెగ్యులేషన్ వచ్చింది. జమీందారు రైతుకి పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలిక రాసివ్వాలి అంది. కానీ దాని పక్కనే 28వ రెగ్యులేషన్ కూడా ఉంది. బాకీ పడితే కోర్టుకి వెళ్లకుండానే రైతు పంటని, సామానుని జప్తు చేసే అధికారం జమీందారుకి ఇచ్చింది అది. ఒక చేతిలో పట్టా, ఇంకో చేతిలో జప్తు. రెండో చెయ్యి బలమైనదని వేరే చెప్పక్కర్లేదు. పట్టా ఇస్తామన్నా రైతుకి భయమే. అది తీసుకుంటే అందులో రాసిన రేటుకి ఒప్పుకున్నట్టే. తీసుకోకపోతే, చేతిలో ఏ రుజువూ లేదు.

తప్పు జరిగిందని ఇరవై ఏళ్లలోనే ప్రభుత్వానికీ అర్థమైంది. అప్పటికి మద్రాసు గవర్నరు థామస్ మన్రో. ఆయన మొదటినుంచీ రైతువారీ మనిషి. ఆయన హయాంలో 1822లో 4వ రెగ్యులేషన్ తెచ్చారు. 1802 నాటి చట్టంతో రైతుల పాత హక్కులు తగ్గిపోయాయని ఎవరూ అనుకోవద్దు అని అందులో వివరణ ఇచ్చారు. మంచిదే. కానీ ఆ పాత హక్కులేమిటో ఎక్కడా జాబితా రాయలేదు. ఉన్నాయన్నారు, అంతే. తన హక్కు ఉందని రైతు ఎవరి ముందు, దేనితో రుజువు చేసుకోవాలి? ఈ ప్రశ్న మరో 80 ఏళ్లు నలిగింది.

ఇక్కడ ఒక కేసు చెప్పాలి. నాకైతే ఉత్తర సర్కార్ల చరిత్రలో ఒక యుద్ధం ఎంతో ఈ కేసూ అంతే. అప్పటి గంజాం జిల్లాలో చీకటి అనే జమీందారీ ఉండేది, ఇప్పుడది ఒడిశాలో ఉంది. చీకటి జమీందారుకీ రణసూరు దొర అనే రైతుకీ మధ్య వ్యాజ్యం మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. జమీందారు తరపు వాదన సూటిగానే ఉంది: భూమి నాది, ఇతను నా కౌలుదారు, కాబట్టి ఖాళీ చేయించొచ్చు. 1899లో హైకోర్టు ఈ వాదనని ఒప్పుకోలేదు. జమీందారీ రైతుకి హక్కు జమీందారు ఇచ్చినది కాదు, సర్కారు ఇచ్చిందీ కాదు అని తేల్చింది. నేలలో అడుగుపెట్టి, బాగుచేసి, అక్కడే స్థిరపడి సాగుచేయడం వల్ల పుట్టిన హక్కు అది అంది. రైతుని లేపాలంటే తనకా అధికారం ఉందని జమీందారే రుజువు చేసుకోవాలంది.

రుజువు భారం ఇటు నుంచి అటు మారడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. దాదాపు వందేళ్లుగా "నీ కాగితం చూపించు" అని రైతుని అడుగుతున్నారు. ఇప్పుడు మొదటిసారి "నీ కాగితంలో అలా ఎక్కడుంది?" అని జమీందారుని అడిగారు. 1908లో వచ్చిన ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ఇదే దారిలో నడిచి, సాగులో ఉన్న రైతుకి శాశ్వత హక్కు ఇచ్చింది. 1948 చట్టంతో జమీందారీలే పోయాయి. పల్లపు రైతు మొత్తానికి తన హక్కుని తిరిగి రాయించుకున్నాడు. దానికి 1802 నుంచి లెక్కేస్తే 146 ఏళ్లు పట్టింది. అప్పుడు కూడా పేరు ఎక్కింది పాత కాపులకే. వాళ్ల పొలంలో పాలేరుగా, కూలీగా పనిచేసినవాడి పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. అది దాటేసి ముందుకెళ్లలేం.

సరే, పల్లం కథ అది. ఇప్పుడు కొండ ఎక్కుదాం.

1802 నాటి పద్ధతి కొండ జమీందారీల్లో కుదరలేదు. పల్లంలో బాకీకి వేలం వేస్తే యజమాని మారతాడు. కొండ దగ్గర వేలం వేస్తే తిరుగుబాటు వస్తుంది. ఎందుకంటే అక్కడ దొర మాట నడిచేది సనదు వల్ల కాదు, తరాల నాటి సంబంధం వల్ల. పర్లాకిమిడి, పాలకొండ, విశాఖ కొండల్లో వరసగా అల్లర్లు జరిగాయి. 1832లో కంపెనీ జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆయన సైన్యంతో అణిచాడు. పాలకొండ జమీందారీని సర్కారు స్వాధీనం చేసుకుంది. తర్వాత ఆ పాలకొండనే మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీకి లీజుకిచ్చారు. మనకి ఇంత దగ్గర్లో ఉన్న పాలకొండ నేల మీద శిస్తు వసూలు చేసినవాళ్లు ఒక వ్యాపార కంపెనీ అన్నమాట.

అయితే రస్సెల్ తన నివేదికలో ఒక ముఖ్యమైన మాట చెప్పాడు. మామూలు కోర్టులు, మామూలు చట్టాలు ఈ కొండప్రాంతాలకి సరిపడవన్నాడు. దాని ఫలితమే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో చాలా భాగాన్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టారు. మనం ఇవాళ్టికీ వాడే ఏజెన్సీ అనే మాట అక్కడినుంచి వచ్చిందే.

దీన్ని రక్షణ అనొచ్చా? కొంతవరకు అనొచ్చు. పల్లంలోలా కొండమీది నేలని కోర్టు వేలం పెట్టలేదు. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. కంపెనీకి కావలసింది కొండల్లో శాంతి. ఏ వాలు ఏ ఊరిది, ఏ మెట్లమడి ఏ కుటుంబానిది అని ఎవరూ రాయలేదు. రాయకపోవడం మొదట్లో మేలుగా కనిపించింది. ఘాటు దారులు పడి, ఉప్పూ, బట్టా, పొగాకూ పట్టుకుని పల్లపు వ్యాపారి కొండెక్కాక అదే ముప్పయింది. అప్పు ఇచ్చాడు, వడ్డీకి వడ్డీ కట్టాడు, వేలిముద్ర వేయించుకున్నాడు. పంట పోయింది, తర్వాత మెట్లమడి పోయింది. మరోపక్క 1882 అటవీ చట్టం వచ్చింది. పోడు వదిలేసి అడవి పెరగడానికి విడిచిపెట్టిన వాలు అటవీశాఖ కంటికి అడవే. ఇందాక గుర్తుంచుకోమన్న తేడా ఇదే. సవర కుటుంబానికి విరామం ఇచ్చిన పొలం, సర్కారుకి ఖాళీ అడవి.

1917లో మొదటిసారి గట్టి చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ల భూమిని బయటివాళ్లకి బదిలీ చేస్తే అది చెల్లదని, వడ్డీకీ హద్దు ఉండాలని అంది. చట్టం ఉన్నా భూమి జారిపోతూనే ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం అక్కడ మలుపు తిరిగింది. ఆ పోరాటం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకి ఉండొచ్చు. దాని అడుగున ఉన్నది మాత్రం భూమి, అప్పు, వెట్టి. 1959 నాటి భూబదిలీ నిబంధనలని 1970లో సవరించారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినదిగానే భావించాలి అన్నారు. చూడండి, మళ్లీ రుజువు భారమే. చీకటి కేసులో పల్లపు రైతుకి 1899లో దొరికింది, కొండ రైతుకి 1970లో దొరికింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా ఆ భూముల్ని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదంది.

ప్రపంచంలో వేరేచోట్ల ఏం జరిగిందో ఒక్క మాట. 1835లో ఆస్ట్రేలియాలో బాట్‌మన్ అనే అతను అక్కడి ఆదివాసులతో ఒప్పందం చేసుకుని భూమి కొన్నానన్నాడు. గవర్నరు బోర్క్ అది చెల్లదన్నాడు. అంటే, అమ్మడానికి ఆ భూమి ఆదివాసులది కాదని అర్థం. అక్కడ ఆదివాసులకి పాత హక్కు ఉందని కోర్టు ఒప్పుకున్నది 1992లో, మాబో కేసులో. మన దగ్గర నేల ఖాళీ అని కంపెనీ అనలేదు, అనడానికి వీలూ లేదు. పల్లంలో ఉన్న పదిమంది హక్కుదారుల్లోంచి ఒక్కణ్ణి ఎంచి యజమాని అంది. కొండమీద ఎవర్నీ ఎంచలేదు. దారులు వేరైనా ఫలితం ఒకటే. చట్టం రాసేవాడికి అర్థమయ్యే రూపంలో లేని హక్కు, హక్కుగా లెక్కలోకి రాలేదు.

కంపెనీ మన భూముల్ని లాక్కుందని మనం తరచూ అంటుంటాం. నేను చెప్పేది కొంచెం వేరు. కంపెనీ చాలాచోట్ల గజం నేల కూడా లాక్కోలేదు. హక్కు అంటే ఏమిటో మార్చేసింది. అమ్మడానికి, వేలం వెయ్యడానికి వీలైనదే హక్కు అంది. తరాలుగా సాగుచెయ్యడాన్ని ఒక అలవాటు కిందికి దించేసింది. ఆ తర్వాత వచ్చిన చట్టాలన్నీ ఆ అలవాటుని మళ్లీ హక్కు కిందికి తేవడానికి పడిన పాట్లే.

ఆ పాట్లు ఇంకా అయిపోలేదు. 2006 అటవీహక్కుల చట్టం పోడు చేసేవాడికి పట్టా ఇస్తానంది. అక్కడా సాగు ఎప్పటినుంచో రుజువు చూపించాలి. ఆ చట్టం ఊళ్లోని పెద్దల వాంగ్మూలాన్ని కూడా రుజువుగా తీసుకోమంది, అది గొప్ప విషయం. కానీ మన శ్రీకాకుళం కొండల కింద షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చని గిరిజన గ్రామాలు చాలా ఉన్నాయి. పక్క ఊళ్లో వర్తించే 1970 నాటి రక్షణ ఈ ఊరికి వర్తించదు. ఊరి మధ్య గీత ఎవరో గీశారు. ఆ గీతకి అటున్న సవరకి, ఇటున్న సవరకి చట్టం వేరు.

కాబట్టి మీ ఇంట్లో పాత పట్టాలు, శిస్తు రసీదులు, ముచ్చిలికలు ఉంటే పారెయ్యకండి, జాగ్రత్తగా దాచండి. అలాగే ఏ కాగితమూ లేని పెద్దవాళ్లు, మా తాత ఈ గట్టు వేశాడు, ఈ చింతచెట్టు మా హద్దు అని చెబితే తీసిపారెయ్యకండి. తేదీ వేసి, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి. 1802లో రాసినవాళ్లు ఆ మాట అడగలేదు. మనం అడగొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో కరణాల గురించి మాట్లాడుకుందాం. ఈ కాగితాలన్నీ రాసిన చేతులు వాళ్లవే కదా.